సూదిమొన మీద పూచిన తోటలు

భూమి కొరకు, రేవుల కొరకు, బంగారము కొరకు రాజ్యములు కలహించుకొనుట చరిత్రయందు విరివిగా కానవచ్చును. తెల్లదారపు పువ్వుల కొరకు రెండు రాజ్యములు కలహించిన కథ మన పాఠ్యపుస్తకములలో కానరాదు. పదునేడవ శతాబ్దమున ఇటలీ దేశపు వెనిస్ నగరమందలి స్త్రీలు సూదితో కుట్టిన లేసు పువ్వులను ఐరోపా ప్రభువులందరును మెడలకును ముంజేతులకును తగిలించుకొనుచుండిరి. ఆ పువ్వుల వెల రూపమున ఫ్రాన్సు దేశపు ధనము వెనిస్ పాలగుచున్నదని పదునాలుగవ లూయీ మంత్రియైన కొల్బేర్ గుర్తించెను. కొనుట మానుడని ప్రభువులకు చెప్పి ప్రయోజనము లేదని అతడెరుగును. అందుచేత కుట్టువారినే తన దేశమునకు రప్పించెను. ఆ వ్యవహారము ఎవరికి మేలు చేసెనో, ఎవరి కడుపు కొట్టెనో చెప్పుటకు ముందు ఆ వస్తువెట్టిదో చెప్పవలెను. ఏలయన నేడు లేసు అనగానే మన కన్నులకు తోచునది యంత్రము నేసిన అంచుపట్టీ మాత్రమే.

లేసులో జాతులు పెక్కు కలవు. దిండు మీద గుండుసూదులు గ్రుచ్చి, కండెలకు చుట్టిన దారములను ఒకదాని మీదుగా నొకటి వేసి అల్లునది కండెల లేసు. కొక్కెపుసూదితో ముడి వెంట ముడి లాగునది వేరొకటి. మన గోదావరి తీరమున నున్నది ఇదియే, దాని మాట కడపట వచ్చును. మేము చెప్పబోవు సూదిలేసు ఈ రెండింటికిని భిన్నము. దానికి కావలసినవి ఒక సూది, ఒక దారము మాత్రమే. వెనుక బట్ట యుండదు. చొక్కాకు కాజా తీయునప్పుడు దర్జీ ఏ కుట్టు వేయునో ఆ కుట్టే దీనికి మూలాధారము. ముందు చిత్రమును తోలుకాగితముపై గీయుదురు. దాని అడుగున రెండు పొరల బట్ట చేర్చి, గీత వెంబడి లావుదారమును పరచి, అక్కడక్కడ సన్నకుట్లతో పట్టుదురు. ఇవి పందిరికి పాతిన గుంజల వంటివి. పిమ్మట ఆ దారమును ఆధారముగా గొని ఆకు లోపలిభాగమును, పూరేకు లోపలిభాగమును కాజాకుట్లతో వరుస వెంట వరుసగా నింపుకొనివత్తురు. ఈ నింపుపనిలో సూది తోలుకాగితమును గ్రుచ్చుకొనదు. కుట్టునకు కుట్టే ఆధారము. పువ్వునకును పువ్వునకును నడుమ సన్నని దారపు వంతెనలు వేయుదురు. అంతయు ముగిసిన తరువాత ఆ రెండు బట్టపొరల మధ్య కత్తి పోనిచ్చి పట్టుకుట్లను తెగగోయుదురు. తోలుకాగితము ఒక చేతికిని, పూలతోట రెండవ చేతికిని వచ్చును. ఆ కోతలో చేయి వణికెనా, నెలల పని వ్యర్థమగును.

ఈ విద్య మొదట బట్టమీదనే పుట్టినది. పదునారవ శతాబ్దమున ఇటలీ స్త్రీలు నారబట్టలోని పోగులు కొన్నిటిని లాగివేసి, మిగిలిన గళ్ళను సూదితో అలంకరించుచుండిరి. దానిని రెటిచెల్లా, అనగా చిన్నవల, అనిరి. నేతగాడు పడుగును నిలువునను పేకను అడ్డమునను వేసియుండును గనుక ఆ గళ్ళలో చౌకములును, నక్షత్రములును, చక్రములును తప్ప మరియొకటి అమరుట కష్టము. మన ముంగిటి చుక్కల ముగ్గువలె అదియు గణితమునకు లోబడినది. తరువాత ఆ బట్టను కూడ విడిచి తోలుకాగితముపై దారము పరచి కుట్టనేర్చిరి. దానికి పున్తో ఇన్ ఆరియా, అనగా గాలిలోని కుట్టు, అని పేరిడిరి. గళ్ళ కట్టు తెగినంతనే గీత వంగినది. వంగిన గీత తీగయైనది. తీగకు ఆకును, మొగ్గయు, పువ్వును, కాయయు వచ్చినవి. లేసులో వృక్షజాతి ఇంతగా వ్యాపించుటకు తోటల మీది మోజు కొంత కారణమైనను, కుట్టు పద్ధతిలో కలిగిన ఈ మార్పే ముఖ్యకారణమని మా తలంపు.

అచ్చుయంత్రము కూడ తోడ్పడెను. ఫెడెరికో విన్చియోలో అను వెనిస్ వాడు 1587లో పారిస్ నగరమున నమూనాల పుస్తకమొకటి ప్రకటించెను. చిత్రకారుడైన తిషియన్ బంధువు చెజారే వెచెల్లియో 1591లో వెనిస్ నుండి మరియొకటి వెలువరించెను. పుటను సూదితో పొడిచి, రంధ్రములపై బొగ్గుపొడి అద్ది చిత్రమును దించుకొనుట ఆనాటి వాడుక. కావుననే ఆ పుస్తకములు చినుగకుండ మిగులుట అరుదు. 1608లో పియేర్ వాలె అనునాతడు ఫ్రెంచి రాజు నాలుగవ హెన్రీ తోటలోని పువ్వులను రాగిరేకులపై చెక్కి గ్రంథముగా అచ్చొత్తించెను. ఈ వాలె వృక్షశాస్త్ర పండితుడనుకొందుమా, కాడు; రాజుగారి ఆస్థానమున కుట్టుపనివాడు. ఆ పువ్వులను పెంచిన తోటమాలి జాన్ రోబాం. దూరదేశములనుండి క్రొత్తగా వచ్చిన పువ్వుల రూపురేఖలు కుట్టుపనివారికి అందవలెనని ఆ గ్రంథము తలపెట్టబడినది. నేడు వృక్షశాస్త్రజ్ఞులు కన్నుల కద్దుకొని చూచు పుస్తకము దారపుబుట్ట ప్రక్కనుండి లేచివచ్చినదన్నమాట.

పదునేడవ శతాబ్దపు నడిమి భాగమున వెనిస్ లో ఈ విద్య పరాకాష్ఠ నందుకొనెను. 'పెద్దకుట్టు' అని వ్యవహరింపబడు ఆనాటి లేసును చూచినచో కుట్టినదా, దంతమున చెక్కినదా అను భ్రాంతి కలుగును. పూరేకు అంచున దారపుపోగులను గుట్టగా పేర్చి, వానిపై దట్టముగా కుట్లు కప్పి, ఉబ్బెత్తు తెత్తురు. ఆ ఉబ్బుపై మరల కేసరముల వంటి చిన్నచిన్న కొసలు నిలుపుదురు. బలమైన తీగ మెలికలు తిరుగుచు సాగును. దానినుండి దానిమ్మ వంటి కాయయు, ట్యులిప్ వంటి పువ్వును, అకాంథస్ వంటి ఆకును వెడలుచుండును. 'వంటి' అని మాటిమాటికి వ్రాయుట బుద్ధిపూర్వకముగనే. ఆ పువ్వునకు పేరు చెప్పుడని వృక్షశాస్త్రజ్ఞుని అడిగినచో అతడు తెల్లబోవలసినదే. ఒకే కాడకు మూడుజాతుల పువ్వులు పూచును. మన దేవాలయ స్తంభములపై శిల్పులు చెక్కిన లతలును ఇట్టివే గదా. అవి ఏ తోటలో మొలచినవని ఎవరడుగుదురు?

ఈ లేసు మీద ఇంగ్లండు వారికి గల మోజునకు గురుతుగా లండనులోని విక్టోరియా ఆల్బర్టు వస్తుప్రదర్శనశాలలో ఒక విచిత్ర వస్తువున్నది. గ్రిన్లింగ్ గిబ్బన్స్ అను శిల్పి 1690 ప్రాంతమున వెనిస్ లేసు మెడపట్టీని పోలునట్లు చెక్కతో నొక మెడపట్టీని చెక్కెను. తీగలును రంధ్రములును సర్వము చెక్కయే. అది హోరేస్ వాల్పోల్ అను దొరకు చిక్కినది. ఆయన 1769లో ఫ్రెంచి అతిథులకు ఎదురేగునప్పుడు దానిని మెడకు కట్టుకొని నిలువగా, ఆంగ్లదొరలు నిత్యమును ఇట్లే అలంకరించుకొందురు కాబోలునని సేవకులు నమ్మిరట. ఆ చెక్కను చెక్కినవాని పేరు మనకు దక్కినది. అతడు చూచి చెక్కిన ఆ లేసును కుట్టిన ఆడువారి పేర్లు దక్కలేదు.

వారిని గూర్చి మిగిలినది ఒక కథ మాత్రమే. ఒక నావికుడు దూరసముద్రము నుండి తెచ్చిన సముద్రపు నాచుకొమ్మను ప్రియురాలికిచ్చి మరల ఓడ యెక్కెనట. ఆ కొమ్మ ఎండి రాలిపోకముందే దాని రూపమును దారములో నిలుపవలెనని ఆమె సూది పట్టెనట. అదియే లేసునకు పుట్టుకయని బురానో ద్వీపమువారు చెప్పుకొందురు. చరిత్రగా ఇది నిలువదు. పైన చెప్పిన రెటిచెల్లా మార్గమే అసలు మార్గము. అయినను ఈ కథ కల్పించినది ఏ పండితుడో కాదు, జాలరుల యిండ్లలోని వారై యుందురని ఊహింపవచ్చును.

ఇక కొల్బేర్ మాటకు వత్తము. 1665 ఆగస్టు 5వ తేదీన ఫ్రెంచి ప్రభుత్వము ఒక శాసనము చేసెను. దాని ప్రకారము సూదిలేసు తయారీకై ఒక కంపెనీ యేర్పడినది. కొన్ని సంవత్సరముల గుత్తహక్కు దానికి దక్కినది. అలాన్సోన్, సెడాన్, రైమ్స్, అరాస్ మొదలైన ఊళ్ళలో పనిశాలలు తెరువబడినవి. వెనిస్ నుండి పనికత్తెలను పిలిపించిరి. తయారగు లేసునకు 'ఫ్రాన్సు కుట్టు' అనియే పేరు పెట్టవలెననిరి. విదేశవస్తువు మానుడు, స్వదేశవస్తువు కొనుడు అన్న మాటలు వినుటకు మనవారికి చెవికింపుగనే యుండును. కాని అలాన్సోన్ లో ఏమి జరిగినదో వినవలెను.

ఆ యూరిలో వెనిస్ కుట్టు అప్పటికే ఉండెను. లా పెరియేర్ అను ఇంటిపేరు గల స్త్రీ కొన్నియేండ్లకు ముందే వెనిస్ లేసును చూచి, ఆ కుట్టును తాను పట్టుకొని, ఊరివారికి నేర్పియుండెను. రాజు సొమ్ము గాని, మంత్రి ఆజ్ఞ గాని ఆమెకు లేవు. ఆ పని మీద ఆ ప్రాంతమున 8,000 మందికి పైగా బ్రతుకుచున్నారని 1665 సెప్టెంబరులో స్థానికాధికారియే కొల్బేర్ కు వ్రాసెను. అట్టి యూరికి కంపెనీ మనుష్యుడు వచ్చి, ఇకమీద మీరందరు మా పనిశాలకే కుట్టవలెను, ఇతరులకు అమ్మగూడదు అని చాటెను. స్త్రీలు గుంపులుగా లేచి అతని వెంటబడిరి. చివరకు ప్రభుత్వము వెనుకకు తగ్గవలసివచ్చెను. కంపెనీ తనకు కావలసిన 200 మంది బాలికలను ఎన్నుకొనునట్లును, తక్కినవారు మునుపటివలె తమ లేసు తాము కుట్టుకొనునట్లును రాజీ కుదిరినది. అయితే రాజముద్ర గల మేలురకపు నమూనాలను మాత్రము కంపెనీవారు తప్ప ఇతరులు కుట్టరాదనిరి. ఏ పువ్వు ఎవరు కుట్టవలెనో కూడ శాసనము చెప్పునంతవరకు వచ్చినది.

ఈ ఘట్టము చదువునప్పుడు తెలుగువాని మనస్సు ఫ్రాన్సులో నిలువదు. నరసాపురము ప్రక్కన మాధవాయపాలెములో ఇంగ్లీషు కంపెనీవారి వర్తకశాల ఆ పదునేడవ శతాబ్దముననే వెలసినది. ఆ యూరిపేరే మడపొల్లమని మారి ఒక జాతి నూలుబట్టకు లోకమంతట పేరైనది. బయానా ఇచ్చి నేతగానిని కట్టివేయుట, ఆ బాకీ తీరువరకు ఇతరులకు నేయగూడదనుట కంపెనీవారి పద్ధతి. వారు పరదేశీయులు, కొల్బేర్ స్వదేశీయుడు. ఆ భేదము చిన్నది కాదు. ఆ భేదమువలన 1665లో సూదిపట్టిన చేతికి ఎంత కలిసివచ్చినదని అడుగుట మాత్రము మన హక్కు.

కొల్బేర్ తలచినది నెరవేరలేదనలేము. పదునెనిమిదవ శతాబ్దమునకు వెనిస్ ప్రాభవము తగ్గి, అలాన్సోన్ ప్రాభవము హెచ్చినది. పువ్వుల స్వరూపము కూడ మారినది. వెనిస్ వారి బరువైన తీగలు పోయి, సన్ననివల మీద చిన్నచిన్న పూరెమ్మలు, మొగ్గలు, ఆకులదండలు వచ్చినవి. రేకుల అంచులు వ్రాలకుండ గుఱ్ఱపువెంట్రుకను లోపల పెట్టి దానిమీద కుట్టు వేయుట అలాన్సోన్ రహస్యము. పనిని ముక్కలుగా పంచివేసిరి. గీత పొడుచునది యొకతె, దారము పరచునది యొకతె, వల కుట్టునది యొకతె, నింపునది వేరొకతె. ఒక్క పువ్వును మొదటినుండి తుదివరకు కుట్టగలది కరవయ్యెను. 1789 విప్లవముతో ప్రభువుల మెడలే నిలువనప్పుడు మెడపట్టీలు కొనువారెవరు? నెపోలియన్ 1810లో మరియా లూయిజాను పెండ్లియాడినప్పుడు ఆ లేసునకు మరల కొంత ప్రాణము పోసెను. నేడు అలాన్సోన్ లో ప్రభుత్వ పోషణయందు ఒక చిన్న పనిశాల నడచుచున్నది. 1976లో అది స్థాపితమైనది. 2010లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను. చదరపు సెంటిమీటరు లేసునకు ఏడుగంటలు పట్టుననియు, పనికత్తె పూర్తిగా నేర్చుటకు ఏడు మొదలు పదియేండ్లు పట్టుననియు అందు వ్రాయబడినది. బొటనవ్రేలి గోరంత ఆకునకు ఒక పూర్తి పనిదినము!

రాజుల కథ యింతటితో చాలు. మాకు మనస్సుకు హత్తినవి, మంత్రులు లేకుండ ఈ విద్య మరల మొలచిన రెండు చోట్లు.

మొదటిది ఐర్లండు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలినది. ఇంగ్లండు ప్రభుత్వపు ఏలుబడిలో నున్న ఆ దేశమునుండి ధాన్యము ఓడలమీద ఎగుమతి యగుచుండగనే కరవు వ్యాపించి, పదిలక్షలమంది ప్రాణములు పోయినవి; సుమారు మరి పదిలక్షలమంది దేశము విడిచిపోయిరి. దక్షిణమున యాల్ అను రేవుపట్టణములోని కన్యకామఠమున మేరీ ఆన్ స్మిత్ అను సన్యాసిని యుండెను. ఆమె చేతికి పాతకాలపు ఇటలీ సూదిలేసు ముక్క యొకటి చిక్కినది. నేర్పువారెవరును లేరు. ఆ ముక్కను ఆమె ముందుంచుకొని కుట్టు తరువాత కుట్టు విప్పుచు, ఏ దారము ఏ దారము చుట్టు ఎట్లు తిరిగినదో చూచుకొని, తానుగా ఆ విద్యను గ్రహించెను. కుట్టుటకు పట్టిన ఓపిక ఒకటి, విప్పి నేర్చుటకు పట్టిన ఓపిక మరియొకటి. మఠపు బడిలోని బాలికలలో చురుకైనవారికి దానిని నేర్పెను. 1852 నాటికి లేసుబడి యేర్పడినది. ఆకలిగొన్న ఇంటికి ఆ పిల్లల సూది అన్నము తెచ్చినది. కుట్టు ఇటలీదే గాని పువ్వులు క్రమముగా మారినవి. వెనిస్ అకాంథస్ నకు బదులు ఐర్లండు పొలముగట్ల మూడాకు షామ్రాక్, పెరటిపువ్వులు వచ్చి చేరినవి.

ఆ యాల్ లేసునకు మన దేశముతోను ఒక సంబంధము కలదు. 1911లో మేరీ రాణి హిందూదేశ యాత్రకు బయలుదేరునప్పుడు ఆమె వెనుక జీరాడు పొడుగుకొంగు యాల్ పనికత్తెలు కుట్టిన సూదిలేసుతో తయారై ఆమెకు కానుకగా నందినది. ఆ డిసెంబరు 12వ తేదీననే ఢిల్లీ దర్బారు జరిగి, వంగవిభజన రద్దు ప్రకటింపబడినది. దర్బారు వైభవమును గూర్చి ఆనాటి పత్రికలు పుటలకొలది వ్రాసినవి. కరవులో పుట్టిన కుట్టు, ఆ కరవునాడు తమ నేలిన సింహాసనమునకే అలంకారమైనది. పదేండ్లు గడచునంతలో ఐర్లండు ఆ సింహాసనముతో సంధిపత్రము వ్రాయించుకొనెను.

రెండవ చోటు వెనిస్ ప్రక్కనున్న బురానో ద్వీపమే. పందొమ్మిదవ శతాబ్దము వచ్చునప్పటికి అక్కడ సూదిలేసు దాదాపు అంతరించినది. 1872 శీతకాలమున ఉప్పుకయ్య గడ్డకట్టి వేట నిలిచిపోగా, జాలరుల కుటుంబములు పస్తులుండవలసివచ్చినది. సాయము చేయవచ్చిన పెద్దలలో పావులో ఫంబ్రి అను రాజకీయవేత్తయు, మార్చెల్లో వంశపు జమీందారిణియు నుండిరి. పాతకుట్టు ఎవరికైన జ్ఞాపకమున్నదాయని విచారింపగా, చెంచా స్కార్పరియోలా అను డెబ్బదియేండ్లు దాటిన అవ్వ యొకతె కనబడినది. ఆమెకు కుట్టుట వచ్చును, నేర్పుట రాదు. ఏమి చేయుచున్నావవ్వా అని అడిగినచో చెప్పలేదు. చేతులకు తెలిసినది నోటికి తెలియదు. బడిపంతులమ్మ యైన అన్నా బెల్లోరియో అవ్వ ప్రక్కన కూర్చుండి, ఆ వ్రేళ్ళనే చూచిచూచి కుట్టును పట్టుకొని, ఎనిమిదిమంది బాలికలకు నేర్పెను. ఆ ఎనమండుగురి వలన బురానో లేసు బ్రదికినది. ఆ అవ్వ రెండేండ్లు ముందుగా పోయియుండినచో ఏమయ్యెడిదో! ఆ బడి దాదాపు నూరేండ్లు నడచి మూతబడినది. 1981 నుండి అక్కడ వస్తుప్రదర్శనశాల యున్నది.

యంత్రపు కథ క్లుప్తముగా ముగింతుము. జాన్ హీత్ కోట్ 1809లో వలబట్ట నేయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1816లో కోపించిన పనివారు లౌబరోలోని ఆయన కర్మాగారములో యంత్రములను పగులగొట్టిరి. సూదిలేసు మాత్రము అప్పటికిని యంత్రమునకు చిక్కలేదు. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ బ్రస్సెల్స్ పనికత్తెలు గులాబీకి రెండు మూడు పొరల రేకులు వేరువేరుగా కుట్టి, అంచులు విడిగా లేచియుండునట్లు అతుకుచుండిరి. అవి నిజముగా గాలికి కదలును. ఆ శతాబ్దపు చివర మరియొక ఉపాయము దొరకినది: పట్టుబట్టపై యంత్రముతో నూలుదారపు పువ్వులు కుట్టి, రసాయనములో ముంచినచో పట్టు కరగిపోయి పువ్వులు మిగులును. వెనిస్ పెద్దకుట్టును కూడ అది దూరమునకు భ్రమ కలుగునట్లు అనుకరించెను. భూతద్దముతో చూచినవారికి భేదము తెలియును: చేతిపనిలో కాజాకుట్టు ముడులు వరుసగా కనబడును, యంత్రపు పనిలో దారము అడ్డదిడ్డముగ నూగు లేచియుండును. పాత లేసు కొనబోవు మన పట్టణవాసులకు ఈ మాట ఉపయోగింపవచ్చును.

ఇట్లు ఐరోపాలో పువ్వు రాజాస్థానపు చిహ్నమై యుండగా, తురుష్కదేశపు పల్లెలలో స్త్రీలు తమకొరకే సూదిలేసు పువ్వులు కుట్టుకొనుచుండిరి. తలగుడ్డ అంచున కుట్టు ఆ పూలచాలునకు ఓయా అని పేరు. మిరపకాయ ఆకారపు ఓయా ధరించి కోడలు వీధిలోనికి వచ్చినచో భర్తతో తగవు పడినదని ఊరికి తెలియునట. గుంటూరువారికి ఈ భాష అర్థము కాకపోదు.

ఇక మన నరసాపురము. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతమునకు తెచ్చిన లేసు సూదిలేసు కాదు, కొక్కెపుసూదితో అల్లునది. పువ్వులు, ఆకులు మాత్రము ఆ పాత తోటల సంతానమే. వర్తకుని మనుష్యుడు దారమిచ్చిపోవును, అల్లినది తీసికొనిపోవును, ముక్కకింతయని కూలి. మరియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు ఈ స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటిపనికి పైగా దినమునకు ఆరేడుగంటలు లేసు అల్లుచున్న వారిని, తీరికవేళ ప్రొద్దుపుచ్చు గృహిణులుగా లెక్కించి కార్మికులుగా లెక్కింపకపోవుటయే ఆ వ్యాపారమునకు లాభకారణమని ఆమె చూపెను. ఆమె పరదేశీయురాలు, ఆ యిండ్లు మనవి.

2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పత్రికలు సంతోషించినవి, మేమును సంతోషించితిమి. ఆ చట్టము ప్రకారము ఆ పేరును వాడుకొను అధికారము, నమోదు చేయించుకొనిన ఉత్పత్తిదారులకు కలుగును. ఆ పట్టికలో అల్లెడు స్త్రీల పేర్లు ఎన్ని చేరునో, వారి చేతిపనిని కొని అమ్మువారి పేర్లు ఎన్ని చేరునో చూడవలసియున్నది. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో పలుకుబడిగల పెద్దలు నమోదు కాగితములను ఆ యిండ్ల గడపలకు చేర్చుటకు ఒక్క యేడాది పూనుకొన్నను చాలును.